మెట్లు లేని ఇల్లు

ఫిబ్రవరి 12

అత్తయ్యకి,

రైలు కదిలాక మీరు కిటికీలోంచి అంతసేపు చెయ్యి ఊపుతుంటే మీ అబ్బాయి మురిసిపోయారు. "చూశావా, అమ్మ నన్ను వదల్లేకపోతోంది" అంటూ ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తి తనూ ఊపారు. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే మామయ్యగారి కళ్లజోడు ఈయన చొక్కా జేబులో ఉంది. మీరు ఊపింది అందుకని అప్పుడు తెలిసింది. నిన్ననే పార్సిల్ చేశాం. అది అందేదాకా మామయ్యగారిని ఏ లిఫ్టు దగ్గరకీ పోనివ్వకండి. బతుకంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి కదా, కళ్లు కనపడకపోయినా స్క్రూలు విప్పేస్తారు.

"ఫోనులో నాకు సగం మాటే వినపడుతుంది, మిగతా సగం మీ మామయ్య కల్పించి చెప్తారు, ఉత్తరమే రాయి" అన్నారుగా. అందుకే రాస్తున్నాను. రాయడానికి పెద్ద కబురే ఉంది. మీరు బయల్దేరిన మర్నాడే మా ఇంటి ఓనరు వచ్చి, తీరిగ్గా టీ తాగి, వాళ్లమ్మాయి ఈ ఊరికి మారుతోందని, వేసవి అయ్యేలోగా ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పారు. నాకు గుండె గుభేల్‌మంది. మీ అబ్బాయి మాత్రం ఆయన్ని గుమ్మందాకా సాగనంపి వచ్చి, "ఇక మనమే ఒకటి కొనేద్దాం" అన్నారు, అరడజను అరటిపళ్లు కొన్నంత తేలిగ్గా.

పైకి విసుక్కున్నాను గానీ, ఆ మాట విన్నప్పట్నుంచీ నా కాళ్లు నేలమీద లేవు. ఆదివారం నుంచి వేట మొదలు. బ్రోకరుకి నేను ముందే గట్టిగా చెప్పాను: మెట్లు ఉండకూడదు, కింద ఎండ బాగా వచ్చే గది ఒకటి ఉండాలి, ఆసుపత్రి దగ్గర్లో ఉండాలి. ముందు ముందు ఇంట్లో మనుషులు పెరుగుతారు కదా, ఇప్పుడే చూసుకోవాలి. ఇంతకంటే విప్పి చెప్పక్కర్లేదు, మీకు అర్థమవుతుంది.

మీ పెట్టెలన్నీ వెనక గదిలో భద్రంగా ఉన్నాయి. మీరిన్నాళ్లూ ఉన్న కంపెనీ క్వార్టర్సు తాళాలు కూడా అప్పగించేశాం. ఇక మీకు ఏ బెంగా వద్దు, కడుపునిండా ఊళ్లు చూడండి.

మీ కోడలు


ఫిబ్రవరి 21

అమ్మాయీ,

ఇక్కడ మబ్బులు గదిలోకి వస్తాయి. నిజంగానే చెబుతున్నా. పొద్దున కిటికీ తీస్తే పొగలాంటిది లోపలికి వచ్చి మంచం చుట్టూ తిరిగింది. దుప్పటి తడిసిపోయింది. మీ మామయ్య "మూసెయ్యవే, జలుబు చేస్తుంది" అంటూనే ఉన్నారు, నేను మాత్రం ఆ మబ్బులో నైటీతో నిలబడి చిన్నపిల్లలా నవ్వాను. ఇన్నేళ్లూ కుట్టుమిషను ముందు కూర్చుని గోడకున్న క్యాలెండరులో చూసిన కొండ ఇదే, ఆ క్యాలెండరు వాడు అబద్ధం చెప్పలేదు.

కళ్లజోడు అందింది. అందిన గంటలో ఆయన లాడ్జి లిఫ్టు మూలుగు పట్టేశారు. మేనేజరుతో వాదన. "ఇది మూలగట్లేదయ్యా, ఏడుస్తోంది" అన్నారు. సాయంత్రానికి ఆయనే నూనె డబ్బా పట్టుకుని పైకెక్కారు. ఇప్పుడు మాకు భోజనాల గదిలో కిటికీ పక్క బల్ల ఇస్తున్నారు.

సరే, అసలు సంగతి. ఇంట్లో మనుషులు పెరుగుతారన్న ముక్క నేను మళ్లీ మళ్లీ చదివాను. మడిచి జాకెట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మీ మామయ్యకి చెప్పలేదు. చెబితే టిక్కెట్లు ఇచ్చే వాడిదాకా ఊరంతా తెలుస్తుంది. నువ్వుగా విప్పి చెప్పేదాకా నేనూ నోరెత్తను. అయినా ఒక్క మాట. బరువులెత్తకు. స్కూటరు వెనక కూర్చుని గతుకుల రోడ్లన్నీ తిరగకు. ఆసుపత్రిలో అందరి నడుములూ మోకాళ్లూ నువ్వే సరిచెయ్యాలా, నీ కింద ఉన్నవాళ్లకి అప్పజెప్పు. మాతో అవసరం ఎప్పుడు పడితే అప్పుడు ఒక్క కార్డు ముక్క రాయి. ఎక్కడున్నా వచ్చి వాలతాం.

మా తిక్కలోడికి చెప్పు, ఈత కొలను నుంచి రాగానే తల తుడుచుకోమని.

మీ అత్తయ్య


మార్చి 1

అత్తయ్యా,

మీ ఉత్తరం ఆసుపత్రిలో చదివి కళ్లు తుడుచుకున్నాను. ఆ సంగతి మీరే ఎత్తారు, నా నెత్తి మీద బరువు దిగిపోయింది. మిమ్మల్ని ఎలా అడగాలా అని మేమిద్దరం తెగ మథనపడ్డాం. "ఎక్కడున్నా వచ్చి వాలతాం" అన్నారు, ఇంకేం కావాలి.

ఇళ్ల కబుర్లు చెబుతాను. మా బ్రోకరుకి మీ అబ్బాయి "అదిరిపోయిందిగారు" అని పేరు పెట్టారు. ఏ ఇల్లు చూపించినా "ఇది మాత్రం అదిరిపోయింది సార్" అంటాడు. మొదటి ఇంట్లో వంటగది తలుపు తెరవాలంటే ముందు ఫ్రిజ్ జరపాలి. అదిరిపోయింది. రెండో ఇంట్లో హాలు నట్టనడుమ పెద్ద స్తంభం. ఇదేంటని అడిగితే, "పిల్లలు చుట్టూ తిరిగి ఆడుకుంటారమ్మా" అన్నాడు. మీ అబ్బాయి అక్కడే ఆ స్తంభం చుట్టూ ఒక రౌండు పరిగెత్తి, "నిజమే, బాగుంది" అన్నారు.

ఆదివారాలు మాకు పండగే అనుకోండి. రొట్టెలు, ఉడకబెట్టిన గుడ్లు, ఫ్లాస్కులో టీ సర్దుకుని వెళ్తాం. ఇల్లు చూశాక ఆ వీధి చివర ఎక్కడో కూర్చుని తింటాం. మధ్యాహ్నం వేళ ఆ వీధిలో ఏ చప్పుళ్లు వినపడతాయో, ఎవరింటి కుక్క ఎలాంటిదో తెలియాలిగా. పెళ్లయిన కొత్తలో కూడా మేమింత తిరగలేదు.

అలా పోయిన ఆదివారం చెరువు గట్టున తింటుంటే ఎదురుగా మేడ మీద, ఇల్లు అమ్ముతామని చిన్న బోర్డు కనిపించింది. కింద గడియారాలు బాగుచేసే కొట్టు. కొట్టు ఆయనదే ఇల్లు. చుట్టలు తిరిగిన ఇనప మెట్లెక్కి పైకెళ్లాం. రెండు గదులే, కానీ గదులకంటే పెద్ద డాబా, డాబా అంచు నుంచి చెరువంతా. మీ అబ్బాయి అంచుదాకా నడిచారు. గోడ మీద చెయ్యి పెట్టి అలా నిలబడ్డారు, ఈతకి దూకే ముందు నిలబడతారే, అలా. నాకైతే అప్పుడే మంచం ఎక్కడ వెయ్యాలో, కుండీలు ఎక్కడ పెట్టాలో కళ్లముందు ఆడింది.

కానీ ఆ మెట్లు. "మన పరిస్థితికి ఈ మెట్లు పనికిరావండీ" అని నేనే అన్నాను. ఆయన తల ఊపారు. గడియారాలాయనకి దండం పెట్టి దిగి వచ్చేశాం. బాధేమీ లేదు లెండి. దేనికి దాని విలువ.

మీ కోడలు


మార్చి 9

అమ్మాయీ,

దిగి వచ్చేశావు, మంచి పని చేశావు. ఇనప మెట్లు, అవీ చుట్టలు తిరిగినవి. తలుచుకుంటేనే నాకు చెమటలు పట్టాయి. ఇలాంటప్పుడు అలాంటి మెట్లెక్కడమేంటి అసలు. వాడికైనా బుద్ధి ఉండక్కర్లా.

మేమిప్పుడు సముద్రం ఒడ్డున ఉన్నాం. రెండు రోజులకని వచ్చి కదల్లేకపోతున్నాం. పొద్దున్నే పడవలు తిరిగొస్తాయి. మీ మామయ్య వెళ్లి తాడు లాగుతారు. వాళ్లు వద్దన్నా లాగుతారు. నల్లగా మాడిపోయి, బడి ఎగ్గొట్టిన కుర్రాడిలా ఉన్నారు. ఇక్కడి లాడ్జీల వాళ్లు నలుగురూ కలిసి, మా లిఫ్టులు చూస్తూ ఇక్కడే ఉండిపోండి అని బతిమాలుతున్నారు. ఒక సందులో దర్జీ కొట్టు ఒకటి మూసేస్తున్నారు. కొట్టు వెనక రెండు గదులు, వెనక కిటికీ తీస్తే సముద్రం. కొట్టు నడిపే ఆవిడ నన్ను లోపలికి పిలిచి అన్నీ చూపించింది. కటింగు బల్ల మీద చెయ్యి వేసి చూశాను, ఎత్తు నాకు సరిగ్గా సరిపోయింది. మీ మామయ్య కిటికీ దగ్గర నిలబడి ఎంతకీ రారు. "పదండి, మనకిప్పుడు వేరే పనుంది" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

అవును, ఆయనకి చెప్పేశాను. ఇక్కణ్నుంచి వెళ్లాల్సిన దీవుల ప్రయాణం ఎందుకు మానుకోవాలని నిలదీస్తే చెప్పక తప్పలేదు. విన్నాక ఆయన కాసేపు కూర్చుని, లేచి వెళ్లి లాడ్జిలో ఉన్నవాళ్లందరికీ టీ పోయించారు. దీవుల టిక్కెట్లు రద్దయ్యాయి. దీవులు ఎక్కడికీ పోవు. నెలాఖరుకి మీ దగ్గరుంటాం. ఇకమీద ఇల్లంతా నేను చూసుకుంటాను, నువ్వు కాలు కింద పెట్టక్కర్లేదు.

దర్జీ ఆవిడ మిషను మీద ఒకటి కుడుతున్నాను. పార్సిల్ వస్తుంది. విప్పేటప్పుడు ఇద్దరూ ఉండండి.

మీ అత్తయ్య


మార్చి 17

అత్తయ్యా,

నెలాఖరుకే అనేసరికి ఇక్కడ పరుగో పరుగు. ఈ వారం నేను సెలవు పెట్టేశాను. మొత్తానికి ఇల్లు దొరికింది. అన్నీ నేను అడిగినట్టే. మెట్లు లేవు, గడప కూడా లేదు. కింద పెద్ద గది. ఆసుపత్రి ఎంత దగ్గరంటే, ఆ గది కిటికీ తీస్తే ఆసుపత్రి గోడే. ఆ పక్కన బట్టలు ఉతికే షెడ్డు, రోజంతా ఆవిరి. కొంచెం చీకటి, కానీ లైట్లు పెట్టుకుంటే సరి. అంబులెన్సు చప్పుడు రెండు రోజుల్లో అలవాటైపోతుందని అదిరిపోయిందిగారు అన్నాడు. మొదటిసారి ఒక ఇంటిని చూసి అతను అదిరిపోయిందనలేదు, "పనికొస్తుంది" అన్నాడు. మీ అబ్బాయి "బాగుంది" అన్నారు. ఇంకేం అనలేదు. ఆదివారం రొట్టెలు కట్టమని కూడా అడగలేదు. సోమవారం సంతకాలు.

దీవులు ఎందుకు మానుకున్నారు అత్తయ్యా. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ మామయ్యగారి నోట ఆ దీవుల మాటే విన్నాను. మీకంత తొందరేమొచ్చిందో నాకు బోధపడలేదు, అడగడం బాగుండదని ఊరుకున్నాను. మీరు మాతో కలిసి ఉండటానికి వస్తున్నారని మామయ్యగారు లాడ్జి అంతటికీ టీ పోయించారంటే, ఆయనకి మేమంటే ఇంత ఇష్టమని నాకిన్నాళ్లూ తెలియనే లేదు. మీ ఇద్దరి మోకాళ్లకీ తగ్గ ఇల్లు ఇది. మీ మంచాలు పట్టేలా ఆ గది కొలిచి చూశాను కూడా.

మీ కోడలు


మార్చి 22

అత్తయ్యా,

పార్సిల్ ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. ఇద్దరం కూర్చుని విప్పాం.

ముందు ఒక టోపీ బయటపడింది. మీ అబ్బాయి దాన్ని పిడికిలికి తొడిగి, "ఇదెవరికి" అన్నారు. ఆ తర్వాత చొక్కాలు, వెనక బొత్తాలు, అరచేతిలో పట్టేంత. ఆ తర్వాత మెత్తటి లంగోటీలు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "నువ్వు నాకేమైనా చెప్పాలా" అని అడిగారు. "నాకు తెలిస్తేగా" అన్నాను. అప్పుడు మీ ఉత్తరాలన్నీ తెచ్చి మొదట్నుంచీ చదివాం. బరువులెత్తకు దగ్గర ఆయనకి నవ్వు మొదలైంది. కాలు కింద పెట్టక్కర్లేదు దగ్గరకి వచ్చేసరికి నేలమీద దొర్లుతున్నారు.

నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆ చొక్కా మడత పెట్టి, ఎందుకో విప్పి మళ్లీ మడత పెట్టాను. లేదు అత్తయ్యా, ఆ కబురు లేదు. మేమింకా ఆ మాట అనుకోలేదు. మిమ్మల్ని ఆశపెట్టినందుకు నాకెంత సిగ్గుగా ఉందో చెప్పలేను. నేను ఇంట్లో మనుషులు పెరుగుతారన్నది మీ ఇద్దరి గురించి. క్వార్టర్సు ఖాళీ చేసేశారు, పెట్టెలు మా ఇంట్లో పెట్టారు, తిరిగొచ్చాక మాతోనే ఉంటారని మేమే అనేసుకున్నాం.

నవ్వు తగ్గాక ఆయన లేచి కూర్చున్నారు. "అమ్మ ఆ ఇంట్లో ఒక్క రోజు ఉండదు. ఆ ఆవిరి కంపుకి రెండో రోజే రైలెక్కేస్తుంది" అన్నారు. "మరి ఇన్నాళ్లూ నోరెందుకు మూసుకున్నారండీ" అన్నాను. "మా అమ్మానాన్నల కోసం నువ్వు అంత తాపత్రయపడుతుంటే నేనేం అనను" అన్నారు. నాకు ఇంతకంటే పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేదు. నేను ఆయన కోసం నోరు మూసుకున్నాను, ఆయన నా కోసం.

ఇప్పుడే అదిరిపోయిందిగారికి ఫోను చేసి సంతకాలు ఆపించాం. వెంటనే చెరువు దగ్గరకి పరుగెత్తాం. గడియారాల కొట్టు మూసి ఉంది. మేడ మీద బోర్డు లేదు. మెట్ల దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాం.

ఇక మొహమాటం లేకుండా అడుగుతున్నాను. మాతో ఉండాలని మీకుందా. ఉంటే చెప్పండి, అందరికీ నచ్చే ఇల్లు వెతుకుదాం. లేకపోయినా చెప్పండి.

మీ కోడలు


మార్చి 22

అమ్మాయీ,

నువ్వు పదిహేడున రాసిన ఉత్తరం ఇప్పుడే అందింది. మీతో కలిసి ఉండటమేంటి. మా మంచాలేంటి. మా మోకాళ్లకేం వచ్చింది, మొన్ననే కొండెక్కి దిగాం. మీ మామయ్యా నేనూ ఈ కాగితం ముందేసుకుని బుర్ర గోక్కుంటున్నాం. నీకు నెల తప్పిందని కదా మేము తట్టాబుట్టా సర్దింది. మరి నువ్వు ఎవరి కోసం మెట్లు వద్దన్నావు. మా కోసమా.

లాడ్జి నుంచి ఫోను చేయించాను. ఎవరూ ఎత్తలేదు. ఆ ఆసుపత్రి గోడ ఇంటికి సంతకం పెట్టకండి. ఈ ఉత్తరం సోమవారం లోపల అందదని తెలుసు, అయినా రాయకుండా ఉండలేను.

నువ్వేమీ అనుకోనంటే ఒకటి చెబుతాను. మీ దగ్గరకి వచ్చేస్తామని గొప్పగా రాశానే గానీ, పెట్టె సర్దుతుంటే నాకు ఏడుపు వచ్చింది. నీతో ఉండటం అంటే నాకు భయం. నువ్వు గయ్యాళివైతే భయం లేకపోను, నాలుగు మాటలు నువ్వని, నాలుగు నేనని సరిపెట్టుకునేవాళ్లం. నువ్వు మంచిదానివి. నేను అడుగు పెట్టగానే వంటగదిలోంచి తప్పుకుంటావు. నాకు నచ్చే కూరే వండుతావు. నేనూ నీకు అడ్డం రాకూడదని గదిలోంచి రాను. రోజంతా ఒకరికొకరం దారి ఇచ్చుకుంటూ బతకడం నావల్ల కాదమ్మాయీ. మీ మామయ్య టీ పోయించింది మనవడు వస్తాడని. పోయించాక ఒంటరిగా పోయి పడవల దగ్గర కూర్చున్నారు. ఆయనకి ఈ ఊరు వదలాలని లేదు. నాకూ లేదు.

మీ అత్తయ్య


మార్చి 28

అమ్మాయీ,

మన ఉత్తరాలు దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. నువ్వు అడిగినదానికి జవాబు నువ్వు అడగకముందే పోస్టులో వేశాను. ఈపాటికి అంది ఉంటుంది, కోపం రాలేదు కదా.

సంతకాలు ఆపారన్న ముక్క మీ మామయ్యే పైకి చదివారు. చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆపైన వెళ్లి టీ పోయించిన వాళ్లందరికీ "మా కోడలికి ఏమీ లేదట" అని చెప్పుకొచ్చారు. వాళ్లు అయ్యో అంటే, "అయ్యో ఏంటండీ, శుభవార్తే" అని మళ్లీ టీ పోయించారు. ఈ ఊళ్లో మా సంగతి ఎవరికీ అంతుబట్టడం లేదు.

నువ్వు సిగ్గుపడటమేంటి. నువ్వేం అన్నావని. ఉన్నది ఒక్క ముక్క, దానికి ఊలు అల్లి, చొక్కాలు కుట్టి, దీవులు మానుకున్నది నేను. నిజమే, ఆ రాత్రి కొంచెం దిగులేసింది. కానీ కుడుతున్నన్ని రోజులూ ఎంత సంతోషంగా కుట్టానో, అది ఎవరూ వెనక్కి తీసుకోలేరు కదా. ఆ బట్టలు ఏం చేస్తావో నీ ఇష్టం. నేను అడగను. ఈ మాట మీదైనా నిలబడతాను.

దర్జీ కొట్టు మేమే తీసుకున్నాం. ఆవిడ నాకు కత్తెరలన్నీ వదిలేసి వెళ్లింది. నిన్న నా మొదటి పని: ఒక పడవ వాళ్ల తెరచాపకి మాసిక. ఒంటిమీద వేసుకునేవి తప్ప ఏదీ కుట్టనిదాన్ని, వీధంతా పరుచుకుని కుట్టాను. మీ మామయ్య నాలుగు లాడ్జీల లిఫ్టులకీ పేర్లు పెట్టుకున్నారు. మూలిగేది, వణికేది, అలిగేది, బుద్ధిమంతురాలు. దీవుల టిక్కెట్లు మళ్లీ తీశాం, ఎల్లుండే పడవ.

మీరు మళ్లీ చెరువు దగ్గరకి వెళ్లండి. బోర్డు లేనంత మాత్రాన ఇల్లు పోయినట్టు కాదు. నోరుంది, అడగండి.

మీ అత్తయ్య


ఏప్రిల్ 7

అత్తయ్యా,

మీ రెండు ఉత్తరాలూ చదివాను. మొదటిదాన్ని దాచుకున్నాను. కోపం కాదు, నా మనసులో ఉన్నదాన్ని మీరు నాకంటే ముందు రాసేశారు. మీరు వస్తున్నారంటే నేనూ పొద్దున్నే లేచి జుట్టు దువ్వుకోవడం ప్రాక్టీసు చేశాను. ఇంట్లో పాత నైటీలన్నీ పారేశాను. ఇప్పుడు తొడుక్కోవడానికి లేవు.

మీరు చెప్పినట్టే వెళ్లాం. గడియారాలాయన కొట్టులో కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని ఏదో చిన్న చక్రం చూస్తున్నారు. తల ఎత్తకుండానే, "డాబా వాళ్లా" అన్నారు. మా గొంతులు కూడా వినకుండా ఎలా కనిపెట్టారో. బోర్డు గాలికి ఊడిపోయిందట, మళ్లీ కట్టడానికి ఆయనకి ఓపిక లేదు. ఆరోజు పిల్లల ఇంటికి వెళ్లారట, అందుకని కొట్టు మూసి ఉంది.

"ఇంకెవరికైనా మాట ఇచ్చేశారా" అని మీ అబ్బాయి అడిగారు.

"చాలామంది వచ్చారు బాబూ. అందరూ సగం మెట్లెక్కి ఆగిపోయారు. లిఫ్టు పెట్టుకోవచ్చా అని ఒకాయన. డాబా మీద ఇంకో రెండు గదులు వేసుకోవచ్చా అని ఇంకొకాయన. రెండోసారి ఎక్కడానికి వచ్చింది మీరే" అన్నారు. భూతద్దం తీసి నా వైపు తిరిగి, "ఆరోజు దిగేటప్పుడు మీ మొహం చూశానమ్మా. వస్తారని అనుకున్నాను. ఇంకో వారం చూద్దామని కూర్చున్నాను" అన్నారు.

మొన్న సంతకాలయ్యాయి. అదిరిపోయిందిగారు కూడా వచ్చాడు. అతను చూపించిన ఇల్లు కాకపోయినా చూడాలన్నాడు. డాబా మీద నిలబడి చెరువు చూసి చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి మీ అబ్బాయే, "అనండి" అన్నారు. అన్నాడు.

ఇవాళే దిగాం. మంచం మెట్ల మలుపులో ఇరుక్కుంది. ఇప్పటికీ అక్కడే ఉంది, రేపు వడ్రంగి వచ్చి కాళ్లు విప్పుతాడు. మేము దాని కిందనుంచి వంగి దూరి పైకెక్కుతున్నాం. మీ అబ్బాయి డాబా మీద వట్టి నేల మీద పడుకుని ఆకాశం చూస్తున్నారు, లేవమంటే లేవరు. చెరువు మీద ఎండ వాలుతోంది. ఒక అట్టపెట్టె బోర్లించి దానిమీద ఇది రాస్తున్నాను. మీరు కుట్టిన ఆ చిన్న బట్టలు మా వార్డులో నర్సుకి కాన్పు అయితే ఇచ్చాను. మీరు అడగనన్నారు, నేనే చెబుతున్నాను.

ఇక అసలు కబురు. మీ దీవుల ప్రయాణం అయ్యేసరికి మాకూ సెలవులు. మీ దర్జీ కొట్టుకి వస్తున్నాం. ఈసారి ఎవరూ ఏమీ అనుకోకుండా విడమరిచి రాస్తున్నాను. ఇద్దరమే వస్తున్నాం. ఇద్దరం అంటే ఇద్దరమే. అయిదు రోజులు ఉంటాం, ఆరో రోజు మా ఇంటికి మేము వెళ్లిపోతాం. అక్కడ ఉన్నన్నాళ్లూ మీ వంటగదిలోంచి నేను తప్పుకోను. పాత నైటీతోనే తిరుగుతాను, ఒకటి కుట్టి ఉంచండి. మీకు నచ్చే కూర వండను, నాకు నచ్చేది మీరు వండాలి. అదేంటో ఇన్నేళ్లలో మీరు ఒక్కసారీ అడగలేదు, నేనూ చెప్పలేదు. వచ్చాక చెబుతాను.

మీ కోడలు